అత్తమ్మ ఇంట్లోనే ఉంటానంది

ఇక కీమో ఇచ్చి ఉపయోగం లేదని పెద్దాసుపత్రి డాక్టరు చెప్పినప్పుడు ఆ గదిలో మేమిద్దరమే ఉన్నాం, నేనూ మా ఆయనా. అత్తమ్మ బయట వరండాలో బెంచీ మీద కూర్చుని ఉంది. గర్భసంచిలో మొదలైన క్యాన్సర్ వెన్నెముకకు పాకిందని డాక్టరు ఫిల్ము వెలుతురుకు పెట్టి చూపించాడు. ఇంకో ఊళ్లో ఇంకేదైనా ఆసుపత్రి ఉందా అని మా ఆయన అడిగాడు. డాక్టరు తల అడ్డంగా ఊపాడు. ఒక చీటీ మీద ఫోన్ నంబరు రాసి నా చేతికిచ్చాడు.

"వీళ్లు ఇంటికే వచ్చి చూస్తారు. జబ్బును నయం చెయ్యలేరు. నొప్పి తగ్గిస్తారు. ఆవిడకి ముందు ఆ పని జరగాలి" అన్నాడు.

మా ఆయన ఆ చీటీ వైపు చూడనైనా చూడలేదు. వరండాలో కుళాయి దగ్గర మొహం కడుక్కొచ్చి, "అమ్మా, మందులు మార్చిండ్రు. ఇంటికాడ్నే ఏసుకుంటె సాలన్నరు" అని చెప్పాడు. అత్తమ్మ కొడుకు మొహం చూసింది. తర్వాత నా మొహం చూసింది. "అయితె పాండ్రి, ఆకలైతున్నది" అంది. ఆటోలో మూసారాంబాగ్ వంతెన మీదుగా ఇంటికి బయల్దేరాం. గుంత వచ్చినప్పుడల్లా ఆమె నా మోచేయి గట్టిగా పట్టుకునేది. దిల్‌సుఖ్‌నగర్ చేరేసరికి నా చేతి మీద ఆమె గోళ్ల గుర్తులు పడ్డాయి.

మా అత్తమ్మ నల్గొండ దగ్గరి పల్లె నుంచి వచ్చిన మనిషి. భర్త పోయాక ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని ఎల్‌బీ నగర్ చేరింది. మొదట్లో కడుతున్న ఇళ్ల దగ్గర ఇటుకలు మోసింది. తర్వాత కర్మన్‌ఘాట్ వెళ్లే దారిలో ఒక కాలనీ మలుపు దగ్గర పొయ్యి పెట్టుకుని జొన్నరొట్టెలు చేసి అమ్మడం మొదలుపెట్టింది. ఇరవై ఏళ్లకు పైగా అదే మలుపు, అదే పొయ్యి. సాయంత్రం నాలుగున్నరకు కూర్చుంటే చేసిన పిండంతా అయిపోయాకే లేచేది. షుగరున్న ఉద్యోగస్తులు స్కూటర్లు ఆపి ఆమె ముందు వరసగా నిలబడేవాళ్లు. ఎవరైనా తొందరపెడితే, "నాకు జెప్పకు, నిప్పుకు జెప్పు" అనేది. ఆ రొట్టెల మీదే మా ఆయన డిగ్రీ అయింది, బస్సు డిపోలో ఉద్యోగం వచ్చింది.

నేను గుంటూరు జిల్లా పిల్లని. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాను. మేమిద్దరం చదువుకునే రోజుల్లో ఇష్టపడి పెళ్లి చేసుకున్నాం. కాపురానికి వచ్చిన మొదటి వారంలో నేను, "అత్తయ్యగారూ, మంచినీళ్లు తాగుతారా?" అని అడిగితే ఆమె వెనక్కి తిరిగి గోడ వైపు చూసి, "ఎవ్వలతోని మాట్లాడుతున్నవ్? నా ఎన్క ఎవరన్న ఉన్నరా?" అంది. నాకు ఏడుపొచ్చింది. అది ఎకసెక్కం కాదనీ, తనని అంత మర్యాదగా పిలిచిన మనిషి అంతకుముందు లేదనీ అర్థం కావడానికి నాకు ఏడాది పట్టింది. తర్వాత నేను కూడా ఆమెని అత్తమ్మా అని పిలవడం నేర్చుకున్నాను. ఆమె నన్ను 'బిడ్డా' అనేది.

చీటీలోని నంబరుకు నేనే ఫోన్ చేశాను. మూడో రోజు పొద్దున తెల్ల వ్యాను ఒకటి మా సందులోకి వచ్చింది. అందులోంచి ఒక నర్సు, ఒక డాక్టరమ్మ దిగారు. డాక్టరమ్మ రిపోర్టులు చూస్తూ కుర్చీలో కూర్చుంది. నర్సు మాత్రం చెప్పులు విప్పేసి లోపలికొచ్చి, అత్తమ్మ మంచం పక్కన చాప మీద కూర్చుంది. నలభై ఏళ్లుంటాయి. సూర్యాపేట దగ్గరి ఊరి మనిషట. ఆమె ముందు బీపీ చూడలేదు, జబ్బు సంగతి ఎత్తలేదు.

"అవ్వా, అన్నిట్లకన్న ఎక్కువ నీకేది బాధ పెడుతున్నది?" అని అడిగింది.

అత్తమ్మ నడుము మీద చెయ్యి వేసుకుంది. "నడుము నొస్తది. గదొక ఎత్తు. వీళ్లందరు వంటింట్లకు వొయ్యి గుసగుస మాట్లాడుతరు సూడు, గదొక ఎత్తు" అంది. నేను తల దించుకున్నాను.

నర్సు నొప్పి ఎంతుందో చెప్పమంది. "అస్సలు లేకుంటె సున్నా, ఇగ తట్టుకోరాకుంటె పది. ఎంతేస్తవవ్వా?"

"మార్కులేసేది గామె" అని అత్తమ్మ నన్ను చూపించింది. "నాకేం ఎరుక."

"మరి నీకెట్ల తెలుస్తది, ఇయ్యాల ఎక్కువున్నదా తక్కువున్నదా అని?"

"పొయ్యి ముంగట కూసుంటె తెలుస్తది. పానం మంచిగున్నప్పుడు ఒక్క కూసుడుల ఎనభై రొట్టెలు చేసేదాన్ని. పండుగకు ముందు ఎట్లనో పన్నెండు చేసి లేసిన. ఇప్పుడు పిండి గూడ పిసకలేను."

నర్సు నవ్వలేదు. తన పుస్తకంలో అదే రాసుకుంది. ఆ తర్వాత ఎప్పుడొచ్చినా ఆమె మొదటి మాట, "ఇయ్యాల ఎన్ని రొట్టెలవ్వా?" అనే. నేను కూడా అలాగే అడగడం మొదలుపెట్టాను. అత్తమ్మ ఆ ప్రశ్నకి ఎప్పుడూ లెక్క తప్పకుండా చెప్పేది.

డాక్టరమ్మ మార్ఫిన్ మాత్రలు రాసింది. నాలుగేసి గంటలకొకటి, నొప్పి వచ్చినా రాకపోయినా గడియారం చూసి ఇవ్వాలంది. మధ్యలో నొప్పి పొడుచుకొస్తే వేయడానికి అదనంగా ఒక మాత్ర. మలబద్ధకం రాకుండా ఇంకో మందు. మొదటి రెండు మూడు రోజులు మగతగా ఉంటుంది, భయపడొద్దంది. నేను అన్నీ గోడ మీది క్యాలెండర్ పక్కన కాగితంపై గళ్లు గీసి రాసి పెట్టాను. ఆమె చెప్పినట్టే మొదటి రెండు రోజులు అత్తమ్మ ఎక్కువగా నిద్రపోయింది. మూడో రోజు పొద్దున నేను పప్పు తాలింపు వేస్తుంటే లోపలి నుంచి, "ఎల్లిపాయ మాడుతున్నది, మంట తగ్గియ్యి" అని గట్టిగా కేక వినిపించింది. నెలన్నర తర్వాత ఆ గొంతు మళ్లీ ఆ ఇంట్లో పలికింది. నేను గరిటె పట్టుకునే మంచం దగ్గరికి పరిగెత్తాను. ఆమె దిండుకు ఆనుకుని తనంతట తనే లేచి కూర్చుంది.

నాకు పొద్దున ఎనిమిది నుంచి మధ్యాహ్నం రెండు దాకా క్లాసులు. మా ఆయనకి డ్యూటీ. అందుకని తుర్కయంజాల్‌లో ఉండే మా వదిన, అంటే మా ఆయన అక్క, పగలు వచ్చి తల్లి దగ్గర ఉంటానంది. మంచి మనిషి. తల్లికి తల దువ్వేది, కాళ్లు ఒత్తేది. మాత్రల కాగితం అంతా ఆమెకి చూపించి చెప్పాను. "నాకు జదువొస్తది మరదలా, ఫికరు చెయ్యకు" అంది.

ఆమె వచ్చిన నాలుగో రోజు మధ్యాహ్నం నేను ఇంటికొచ్చేసరికి అత్తమ్మ గోడవైపు తిరిగి ముడుచుకుని పడుకుని ఉంది. తువ్వాలు మడత నోట్లో పెట్టుకుని కొరుకుతోంది. జాకెట్టు చెమటకి తడిసిపోయింది. వదిన తలుపు దగ్గర నిలబడి కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది.

"వదినా, పది గంటల మాత్ర వేశారా?"

ఆమె గోడ మీది కాగితం వైపు చూసింది. కాగితం మీద ఆరు గంటల గడిలో నేను పెట్టిన టిక్కు ఉంది. పది గంటల గడి ఖాళీగా ఉంది, రెండు గంటల గడి కూడా ఖాళీగానే ఉంది.

"ఎయ్యలేదు" అంది చివరికి. "పక్కింటామె చెప్పింది. అది ఆఖరుకిచ్చే మందంట. ఒక్కసారి మొదలువెడితె మనిషి లెవ్వదంట. నా చేతులతోని నేనెట్ల ఏస్త మా అమ్మకు? మామూలు నొప్పి గోలి ఏసిన."

నాకు కోపం వచ్చింది. గట్టిగా ఏదో అనబోయాను. కానీ ఆపుకున్నాను. ముందు అత్తమ్మకి మాత్ర వేసి, నర్సుకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టి, తువ్వాలు కొరుకుతున్న సంగతి చెప్పాను. నర్సు ఎన్నింటికి ఏది వేశామో అడిగి, ఇంకో గంటలో తగ్గకపోతే అదనపు మాత్ర వేయమని నాకు చెప్పింది. తర్వాత, "అక్క పక్కనే ఉన్నదా? ఫోనియ్యండ్రి" అంది.

"అక్కా, మీరు భయపడుడు తప్పు గాదు" అని మొదలుపెట్టింది. "చానమంది గట్లనే అనుకుంటరు. గిప్పుడు అమ్మ తువ్వాల కొరుకుతున్నది సూసిండ్రు గదా. ఆ నొప్పికి నిద్ర ఉండదు, తిండి ఉండదు, మనిషి జల్ది గుంజుకపోతది. గీ మందు లెక్క ప్రకారం ఇస్తె పానం తియ్యదు. నొప్పి తీస్తది. ఉన్నన్ని దినాలు మీతోని మాట్లాడుకుంట ఉండనీకి ఇస్తున్నం."

వదిన అంతా వింది. ఫోన్ నా చేతికిచ్చి తల్లి పక్కన నేల మీద కూర్చుంది. మూడున్నర ప్రాంతంలో అత్తమ్మ తువ్వాలు వదిలేసింది. నాలుగింటికి కాళ్లు చాపుకుంది. కూతురి వైపు తిరిగి మెల్లగా అంది:

"నీ మీద నాకు కోపం లేదు బిడ్డా. కని రేపు మాత్రం టైముకు ఎయ్యి. నీకు చెయ్యి రాకుంటె డబ్బి నా చేతికియ్యి, నేనే ఏసుకుంట."

మర్నాటి నుంచి కాగితం మీద పగటి టిక్కులన్నీ వదినవే. ఒక్క గడి కూడా తప్పలేదు. పక్కింటావిడ మళ్లీ ఏదో చెప్పబోతే, "మాకు డాక్టరమ్మ చెప్పింది, మీరు పరేషాన్ గాకుర్రి" అనడం నా చెవులతో విన్నాను.

మా ఇంట్లో ఇంకో చిక్కు మిగిలే ఉంది. మా ఆయన ఎవరినీ అమ్మకి నిజం చెప్పొద్దన్నాడు. డాక్టరమ్మకీ నర్సుకీ కూడా వీధి గుమ్మంలోనే ఆ మాట చెప్పి లోపలికి పంపేవాడు. ఒకసారి అతను పాల ప్యాకెట్ కోసం బయటికెళ్లినప్పుడు నర్సు అత్తమ్మని అడిగింది. "అవ్వా, నీ జబ్బు సంగతి నీకేం తెలుసు?"

"మొత్తం తెలుసు. పెద్ద దవాఖానల సూది మందు బందువెట్టిన్నాడే తెలిసింది. నేను కూలి పని చేసినదాన్ని. రేపటెల్లి రావొద్దని మేస్త్రీ అన్నడంటె పని ఒడిసినట్టే. దానికి మల్ల అర్థం చెప్పాల్నా?" అంది. వెంటనే నర్సు చెయ్యి పట్టుకుని, "నా కొడుకు ముంగట మాత్రం అనకు. వానికి తెల్వదు. వాడు తట్టుకోడు" అంది.

నేను వంటింటి గడపలో నిలబడి ఉన్నాను. తల్లికి తెలియదని కొడుకూ, కొడుక్కి తెలియదని తల్లీ నాలుగు వారాలుగా ఒకరి ముందు ఒకరు నవ్వు మొహాలు పెట్టుకుని తిరుగుతున్నారు. నర్సు నా వైపు చూసింది. మా ఆయన పాలు తీసుకుని రాగానే, "అన్నా, ఒక్క అయిదు నిమిషాలు గిట్ల కూసోండ్రి" అంది. అతను మంచం అంచున కూర్చున్నాడు.

"అవ్వా, నాకు చెప్పినవు సూడు, గదే మాట మీ కొడుక్కు చెప్తవా?"

అత్తమ్మ కొడుకు చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది. "కొడుకా, నాకు ఎరుకనే" అంది. అంతే అంది. మా ఆయన ఆమె ఒళ్లో తల పెట్టేశాడు. పెళ్లైన పదేళ్లలో నేను అతని ఏడుపు చూడలేదు. ఆ రోజు చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆమె ఏడవలేదు. అతని జుట్టులో వేళ్లు పెట్టి నిమురుతూ, ఏడుపు తగ్గాక చెప్పాల్సినవన్నీ చెప్పింది.

"దవాఖానకు తీస్కపోకుర్రి. గొట్టాలు వెట్టియ్యకుర్రి. గీ ఇంట్లనే ఉంట, కిటికి కాడ. పోయినంక ఊరికి గూడ తీస్కపోవద్దు. నేను ఊళ్ల ఉన్నదెంత? నా బతుకంత గీడనే గడిచింది. గీడనే కానియ్యుర్రి."

"సరే అమ్మా" అన్నాడు మా ఆయన. ఆ సాయంత్రం నుంచి మా ఇంట్లో గుసగుసలు లేవు. మందుల సంగతి, రేపటి సంగతి అన్నీ ఆమె మంచం దగ్గరే కూర్చుని మాట్లాడుకునేవాళ్లం. మా ఆయన డ్యూటీ నుంచి రాగానే బట్టలైనా మార్చుకోకుండా తల్లి పక్కన చేరేవాడు. చిన్నప్పుడు తను చేసిన దొంగపనులన్నీ ఒప్పుకునేవాడు. సగం తనకి అప్పుడే తెలుసని ఆమె చెప్పేది.

నొప్పి అదుపులో ఉన్న ఆ వారాల్లోనే ఒక రోజు, తన పొయ్యి దగ్గరికి తీసుకెళ్లమని అడిగింది. "నా జాగ ఎవడో పానీపూరి బండోడు గుంజుకుని ఉంటడు. ఒక్కసారి సూసొస్త" అంది. నర్సు వాళ్ల దగ్గరి చక్రాల కుర్చీ ఒకటి పంపించింది. సాయంత్రం అయిదింటికి నేను కుర్చీ తోసుకుంటూ, వదిన పక్కన గొడుగు పట్టుకుని, మెల్లగా ఆ మలుపు దాకా వెళ్లాం.

జాగా ఎవరూ ఆక్రమించలేదు. అత్తమ్మ పొయ్యి రాళ్లు మూడూ ఉన్నచోటే ఉన్నాయి. వాటి చుట్టూ ఊడ్చి నీళ్లు చల్లి ఉంది. వాటి ముందు ఒక బోర్లించిన బుట్ట, దాని మీద తడి గుడ్డ. రోడ్డుకు అవతలి వైపు ఇంకో రొట్టెలావిడ ఉంటుంది. అత్తమ్మ కంటే చిన్నది. గిరాకీ విషయంలో మాటామాటా వచ్చి వీళ్లిద్దరికీ ఆరేళ్లుగా పలుకుల్లేవు. మేం అక్కడ ఆగడం చూసి ఆవిడ పొయ్యి మీద రొట్టె ఉండగానే లేచి రోడ్డు దాటి వచ్చింది.

"గీ బుట్ట నీదేనా?" అని అడిగింది అత్తమ్మ.

"నాదే అక్కా. ఉత్త జాగ కనవడితె బండ్లోళ్లు ఊకుంటరా? పొద్దున వచ్చి ఊడ్చి, బుట్ట వెట్టి పోతున్న. మా అక్క దవాఖాన కాడికి వోయింది, వస్తదని చెప్తున్న అందరికి."

అత్తమ్మ చెయ్యి చాపి ఆమె చెయ్యి పట్టుకుంది. "నేను ఇగ రానే చెల్లె" అంది.

ఆవిడ కుర్చీ ముందు నేల మీద కూర్చుండిపోయింది. ఇద్దరూ ఏడుస్తారనుకున్నాను. అత్తమ్మ మాత్రం పని మాట్లాడింది. "నువ్వు గీడికి రా. నీ దిక్కు పొద్దు మూతి మీద కొడతది. గీడ నీడ ఉంటది, స్కూటర్లు ఆపనీకి జాగ ఉన్నది. నా గిరాకీకి నేను చెప్పిన్నని చెప్పు. పిండి మాత్రం మిల్లు కాడ నిలవడి పట్టియ్యి, పాకిట్ల పిండి కొనకు."

ఇంటికి వచ్చేటప్పుడు వదిన దారి పొడుగునా, "గంత మంచి జాగ ఆమెకెందుకు ఇస్తివమ్మా, మనోళ్లెవలకన్న ఇయ్యరాదా" అని గొణిగింది. అత్తమ్మ వినిపించనట్టే కూర్చుంది. మర్నాడు పొద్దున ఆ రొట్టెలావిడ పలుచని జొన్న అంబలి గిన్నెలో పోసి తెచ్చింది. అన్నం సహించని నోటికి ఆ అంబలి దిగింది. ఆవిడ ఇక రోజూ తెచ్చేది. ఇద్దరూ ఆరేళ్ల మాటలు ఒక్కో పొద్దున కొన్ని కొన్ని మాట్లాడుకునేవాళ్లు. మొదట్లో మొహం ముడుచుకున్న వదిన, వారం తిరిగేసరికి ఆవిడకి కూడా టీ పెట్టి ఉంచేది.

ఆ తర్వాత అత్తమ్మ మంచం దిగలేదు. రెండు గంటలకోసారి పక్కకి తిప్పడం, వీపుకి పుండ్లు పడకుండా చూసుకోవడం, మంచం మీదే దుప్పటి మార్చడం నర్సు నాకు నేర్పింది. మొదటిసారి ఆమె ఒళ్లు తుడవాల్సి వచ్చినప్పుడు నా చేతులు ఆగిపోయాయి. నా కన్నతల్లికి కూడా నేను అలా చేసి ఎరుగను. నర్సు తడిగుడ్డ నా చేతిలో పెట్టి, "ముందు మొహం తుడువుండ్రి. అక్కడ్నుంచి కిందికి మీ చేతులే పోతయి" అంది. నిజంగానే పోయాయి. వారం రోజులకి ఆమె ఒళ్లు నాకు నా ఒళ్లంత అలవాటైపోయింది. ముంజేతుల మీద నిప్పురవ్వల మచ్చలు ఎన్ని ఉన్నాయో, ఏ మచ్చ ఏ సంవత్సరానిదో అన్నీ చెప్పించుకున్నాను.

ప్రతిరోజూ ఓపికగా చేశానని చెప్పుకోను. పరీక్షల సీజన్. ఒక మధ్యాహ్నం నేను పేపర్లు దిద్దుతుంటే ఆమె అరగంటలో నాలుగుసార్లు పిలిచింది. దిండు ఎత్తుగా ఉందని, పల్లంగా ఉందని, కిటికీ తెరవమని, మూయమని. నాలుగోసారి, "నన్ను కాసేపు నా పని చేసుకోనివ్వండి అత్తమ్మా" అని విసుక్కున్నాను. ఆమె కళ్లు మూసుకుంది. నేను పేపర్ల ముందు కూర్చున్నాను గానీ ఒక్క అంకె కూడా కనబడలేదు. లేచి వెళ్లి, తప్పయిందన్నాను.

"నాకేం గావాల్నో నాకే సమజైతలేదు బిడ్డా" అంది. "దిండు గాదు. నువ్వు గీడ కూసోని నీ కాయితాలు రాసుకో. నేను ఊకె పిలువ."

అప్పటి నుంచి నేను పేపర్లన్నీ ఆమె మంచం పక్కనే దిద్దాను. ఎవరికైనా సున్నా వేస్తే, "జర సూడు, ఒక్క మార్కన్న వస్తదేమో" అనేది. ఒకరిద్దరికి ఆ మార్కు నిజంగానే దొరికింది.

చివరి రోజు పొద్దున ఆమె ఊపిరి మారింది. గొంతులో గురగురమని శబ్దం మొదలైంది. కళ్లు సగం మూసి ఉన్నాయి, పిలిస్తే పలకలేదు. తెలిసి పక్కవాళ్లు, నల్గొండ నుంచి మేనమామా వచ్చారు. ఈ మేనమామ అత్తమ్మకి తమ్ముడు. వస్తూనే మా ఆయన భుజం పట్టుకుని ఊపాడు.

"గట్ల సూసుకుంట నిలవడ్డవేందిరా? అంబులెన్సుకు ఫోన్ చెయ్యి. దవాఖానల ఆక్సిజన్ వెడితె బతుకుతది. రేపు నలుగురు అడిగితె ఏం చెప్తవు, ఇంట్ల పండవెట్టి సంపిన్నని చెప్తవా?"

మా ఆయన చేతిలో ఫోన్ ఉంది. వేలు దాని మీదే ఉంది. నేను అతన్నే చూస్తున్నాను. ఆ ఇంట్లో ఆ మాట నేను చెప్పకూడదు, అతనే చెప్పాలి. అతను మేనమామని కుర్చీలో కూర్చోబెట్టి, గొంతు పెంచకుండా అన్నాడు:

"మామా, అమ్మ నా చెయ్యి వట్టుకుని చెప్పింది, దవాఖానకు తీస్కపోవద్దని. నేను సరే అన్న. ఎవలన్న అడిగితె నా పేరు చెప్పు. నాకేం భయం లేదు."

ఆ ఫోన్‌తోనే నర్సుకి చేశాడు. ఆమె ఇంకో ఇంట్లో ఉంది, గంటన్నర పడుతుందంది. ఫోన్‌లోనే మాకు దారి చూపించింది. తల కింద రెండు దిండ్లు పెట్టి కాస్త పక్కకి తిప్పమంది. ముందే ఇచ్చి ఉంచిన చుక్కల మందు నాలుక కింద వేయమంది. ఆ గురగుర శబ్దం వినే మనకే కష్టంగా ఉంటుంది, ఆమెకి నొప్పి లేదంది. "నుదురు సూడండ్రి, ముడత వడ్డదా?" అని అడిగింది. చూశాను. నుదురు నున్నగా ఉంది. "అయితె మంచిగనే ఉన్నది. మాట్లాడుకుంట ఉండుర్రి, ఇనవడుతది" అంది.

వదిన తడి దూదితో తల్లి పెదవులు తుడుస్తూ కూర్చుంది. మా ఆయన చెవి దగ్గర ఏదో చెబుతూ ఉన్నాడు. మేనమామ కూడా కాసేపటికి లేచి వచ్చి అక్క కాళ్లు పట్టుకున్నాడు. బయట సందులో కూరగాయల ఆటో మైకులో టమాటాల ధర చెప్పుకుంటూ వెళ్లింది. పదకొండు దాటాక ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం పెరిగింది. ఒక ఊపిరి తర్వాత ఇంకోటి వస్తుందని ఎదురుచూశాం. రాలేదు. నర్సు వచ్చేసరికి మేం ఏడవడం మొదలుపెట్టి పది నిమిషాలైంది. ఆమె అత్తమ్మ పాదాలకి దండం పెట్టి, నాతో కలిసి చివరిసారి ఒళ్లు తుడిచి చీర మార్చింది. తర్వాత డాక్టరమ్మ వచ్చి సర్టిఫికెట్ రాసిచ్చింది. ఊరికి తీసుకెళ్దామని చుట్టాలు ఇద్దరు ముగ్గురు అన్నారు. ఈసారి వద్దన్నది వదిన. ఇక్కడి శ్మశానంలోనే ఆ సాయంత్రం పొద్దుండగానే అంత్యక్రియలు అయిపోయాయి.

పెద్దకర్మ అయిన వారానికి ఆ నర్సు మళ్లీ వచ్చింది. మందులు లేవు, పుస్తకం లేదు. ఊరికే మమ్మల్ని చూసి పోవడానికొచ్చానంది. ఎవరికి నిద్ర పడుతోంది, ఎవరికి పట్టడం లేదని అడిగింది. వదిన ఆమెని పట్టుకుని, ఆ నాలుగో రోజు మాత్రలు వేయకపోవడం గురించి మళ్లీ ఏడ్చింది. "మర్నాటి నుంచి ఎన్ని ఏసిండ్రో గవి గూడ లెక్కవెట్టుకోండ్రి అక్కా" అంది నర్సు. మిగిలిన మాత్రలన్నీ లెక్కచూసి వెనక్కి తీసుకెళ్లింది.

ఈ మధ్య మా కాలేజీలో ఫిజిక్స్ చెప్పే ఆయన స్టాఫ్ రూములో నా పక్కన వచ్చి కూర్చున్నారు. విజయవాడ వైపు మనిషి. వాళ్ల నాన్నగారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ అట, ఇంటికి తీసుకెళ్లమన్నారట. "మార్ఫిన్ రాశారండీ. మా అమ్మ ఆ సీసా బీరువాలో పెట్టి తాళం వేసింది. ఇవ్వాలంటే మాకు ధైర్యం చాలట్లేదు" అన్నారు. నేను ఆయన్ని ఒక్కటే అడిగాను, నాన్నగారు నిన్న ఎంతసేపు నిద్రపోయారని. అసలు పడుకోలేదన్నారు. మధ్యాహ్నం క్లాసులు వేరేవాళ్లకి అప్పజెప్పి, ఆయన స్కూటర్ వెనకే కొత్తపేటలో వాళ్లింటికి వెళ్లాను. వాళ్లమ్మగారు తలుపు తీశారు. నేను చెప్పులు విప్పుకుంటూ, నా పరిచయం చెప్పుకుని, బీరువా తాళాలు ఎక్కడున్నాయని అడిగాను.